పుస్తకం మూసిన తరువాత

(కళాశాల ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్న ఉన్నత పాఠశాల విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టే ముందు పిల్లలందరినీ ఒక పని చేయమని అడుగుతున్నాను. మీ అందరి దగ్గరా ఒక తెల్ల కాగితం, కలం ఉన్నాయి. నిన్న చదివిన పాఠం ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఏ సబ్జెక్టైనా సరే. పుస్తకం తెరవకుండా, పక్కవారిని అడగకుండా, ఆ పాఠంలో గుర్తున్నదంతా కాగితం మీద పెట్టండి. పూర్తి వాక్యాలు అక్కర్లేదు. మాటలు, సూత్రాలు, బొమ్మలు, ఏవి తోస్తే అవి. మూడు నిమిషాలు ఇస్తున్నాను.

(మూడు నిమిషాల విరామం)

చాలు, కలాలు కింద పెట్టండి. మీ కాగితాలు ఎవరికీ చూపించనక్కరలేదు. నేను మీ ముఖాలే చూస్తూ కూర్చున్నాను. మొదటి అర నిమిషం కలాలు చకచకా నడిచాయి. తరువాత ఒక్కొక్కరూ పైకప్పు వైపు చూడటం మొదలుపెట్టారు. నిన్న రెండు గంటలు కూర్చుని చదివిన పాఠం ఈరోజు ఎనిమిది, పది మాటల దగ్గర ఆగిపోయింది. దీనికి సిగ్గుపడవద్దు. మీకు తెలివి తక్కువై ఇలా జరగలేదు, శ్రద్ధ తక్కువై కూడా జరగలేదు. మనిషి జ్ఞాపకం పనిచేసే తీరే అంత. ఆ తీరు ఎరిగి చదివితే రెండేళ్ల శ్రమ ఎలా ఫలిస్తుందో, ఎరగకుండా చదివితే అదే శ్రమ ఎలా ఇంకిపోతుందో చాలా ఏళ్లుగా తరగతి గదిలో చూస్తున్నాను. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో జ్ఞాపకశక్తి మీద తన పరిశోధనను ప్రచురించాడు. ఆ ప్రయోగాలన్నీ ఆయన తన మీద తానే చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల గుంపులను వరుసలుగా పేర్చుకుని, తప్పు లేకుండా అప్పగించేదాకా వల్లె వేసేవాడు. కొంత సమయం గడిచాక అదే వరుసను మళ్లీ నేర్చుకునేవాడు. రెండోసారి నేర్చుకోవడంలో మొదటిసారి కంటే ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క కట్టేవాడు. 20 నిమిషాల తరువాత నేర్చుకుంటే 58 శాతం ఆదా అయింది. గంట తరువాత 44 శాతం. ఒక రోజు తరువాత 34. నెల రోజుల తరువాత 21.

ఈ అంకెలను నిదానంగా చూడండి. ఎంత శ్రమ ఆదా అయితే అంత గుర్తు మిగిలినట్టు. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోయింది. కానీ ఒక రోజుకూ నెల రోజులకూ మధ్య పోయింది 13 మాత్రమే. అంటే మరపు మొదట్లో నిట్టనిలువుగా దిగుతుంది, పోను పోను చదునవుతుంది. మీరు చదివేవి అర్థమున్న పాఠాలు కనుక అంత వేగంగా జారవు, కానీ ఆ దిగుడు ఆకారం మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల పాఠం విన్న రోజు సాయంత్రమే దాన్ని ఒకసారి పలకరించాలి. రెండు మూడు రోజులకు మరోసారి, వారానికి మరోసారి, నెలకు మరోసారి. పలకరించిన ప్రతిసారీ ఆ దిగుడు కాస్త చదునవుతూ వస్తుంది. పరీక్షకు ముందు పదిహేను రోజుల్లో ఒకే పాఠాన్ని వరుసగా ఐదుసార్లు తిరగేయడం కంటే, అదే ఐదుసార్లను ఐదు నెలల్లో పరచి చదవడం ఎన్నో రెట్లు మేలు. పట్టే సమయం అంతే, మిగిలేది చాలా ఎక్కువ.

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పునశ్చరణ చేయాలని చెప్పని ఉపాధ్యాయుడు ఉండడు. చిక్కంతా ఆ పునశ్చరణ ఎలా చేస్తారన్న దగ్గర వస్తుంది. రివిజన్ అనగానే మనం పుస్తకం తెరుస్తాం. పసుపు రంగు గీతలు గీసిన వాక్యాల మీద కళ్లు పరిగెత్తిస్తాం. ఇది తెలుసు, ఇదీ తెలుసు, ఇది చదివాను అనుకుంటూ పేజీలు తిప్పేస్తాం. మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే మనల్ని మోసం చేస్తోంది. పేజీని గుర్తుపట్టడం వేరు, పేజీలో ఉన్నదాన్ని మనసులో నుంచి బయటికి తీయడం వేరు. పరీక్ష గదిలో పేజీ ఉండదు.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. నేను ఏటా కొత్త తరగతికి మొదటి రోజే దాని గురించి చెబుతాను. విద్యార్థులను బృందాలుగా చేసి ఒక చిన్న గద్యభాగం ఇచ్చారు. ఒక బృందం దాన్ని నాలుగు విడతల పాటు చదువుతూనే ఉంది. మొత్తం మీద సగటున 14 సార్లు చదివారు. మరో బృందం మొదటి విడత మాత్రమే చదివింది. మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది, ఇప్పుడు మీరు రాసినట్టే. వాళ్లు ఆ భాగాన్ని చదివింది సగటున మూడు నాలుగు సార్లే. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే చదువుతూ కూర్చున్నవారికి 83 శాతం గుర్తుంది, రాస్తూ కూర్చున్నవారికి 71 శాతం. ఇక్కడితో ఆగిపోతే చదవడమే మంచిదని తేలేది. కానీ వారం తరువాత పరీక్ష పెట్టినప్పుడు చదివినవారికి 40 శాతం మిగిలింది, రాసినవారికి 61 శాతం.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరో సంగతి. వారం తరువాత ఎంత గుర్తుంటుందని ముందుగానే అడిగినప్పుడు, ఎక్కువ నమ్మకంతో జవాబు చెప్పింది 14 సార్లు చదివిన బృందమే. బాగా వచ్చిందన్న భావన ఎవరికి బలంగా ఉందో, వాళ్ల దగ్గరే తక్కువ మిగిలింది. మీ గదిలో ఒంటరిగా కూర్చుని చదువుకునేటప్పుడు మీకు సలహా ఇచ్చేది కూడా ఆ భావనే. అందుకే దాని మాట వినవద్దని అంటున్నాను. కాగితం మాట వినండి.

ఎవరో చేయి పట్టుకుని పదిసార్లు తీసుకువెళ్లిన ఇంటికి పదకొండోసారి ఒంటరిగా వెళ్లమంటే, మొదటి మలుపు దగ్గరే నిలబడిపోతాం. ఒకసారి తప్పిపోయి, వెనక్కి వచ్చి, వెతుక్కుంటూ చేరినవాడికి ఆ దారి ఏళ్ల తరబడి గుర్తుంటుంది. పుస్తకం మన చేయి పట్టుకుని నడిపిస్తుంది. మొదటిసారి ఆ చేయి అవసరం, అది లేకుండా కొత్త పాఠం నేర్చుకోలేం. రెండోసారి నుంచి మాత్రం చేయి వదిలించుకోవాలి. మూసిన పుస్తకం పక్కన పెట్టుకుని, తెల్ల కాగితం మీద రాసి, ఎక్కడ ఆగిపోయారో ఆ చోటుకు మాత్రమే పుస్తకం తెరవండి. ఇందాక మీ కలం ఆగిన చోటు ఉంది కదా, ఇవాళ ఇంటికి వెళ్లి చదవాల్సింది అక్కడి నుంచే.

లెక్కల విషయంలో ఈ మోసం ఇంకా లోతుగా ఉంటుంది. పరిష్కరించిన లెక్కను చదివితే ప్రతి మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. అర్థమైంది అనుకుని తరువాతి లెక్కకు వెళ్లిపోతాం. కానీ ఆ మొదటి మెట్టు వేయాలని మీకు తోచిందా? ప్రవేశ పరీక్ష అడిగేది ఆ ఒక్కటే. జవాబు చూసే ముందు కనీసం పది నిమిషాలు చిత్తు కాగితంతో కుస్తీ పట్టండి. అప్పటికీ రాకపోతే పరిష్కారంలో మొదటి వరుస మాత్రమే చూసి మిగతాది చేతితో మూసేయండి. మళ్లీ ప్రయత్నించండి. మొత్తం చూడాల్సి వస్తే చూడండి, తప్పు లేదు. కానీ అదే లెక్కను రెండు రోజుల తరువాత ఖాళీ కాగితం మీద చేయగలిగినప్పుడే అది మీ లెక్క అవుతుంది.

జవాబు వచ్చాక కూడా ఒక అర నిమిషం దాని దగ్గర ఆగండి. ఒక ఉదాహరణ చెబుతాను, మీరందరూ చేసిన లెక్కే. కప్పీకి రెండు వైపులా రెండు బరువులు వేలాడుతున్నాయి, త్వరణం ఎంత? ద్రవ్యరాశుల తేడాను వాటి మొత్తంతో భాగించి, గురుత్వ త్వరణంతో గుణిస్తే జవాబు వస్తుంది. ఈ సూత్రాన్ని బట్టీ పట్టినవాడు ఒత్తిడిలో తేడానూ మొత్తాన్నీ తారుమారు చేస్తాడు. అర్థం చేసుకున్నవాడు దాన్ని రెండు ప్రశ్నలు అడుగుతాడు. రెండు బరువులూ సమానమైతే ఏమవుతుంది? కదలిక ఉండకూడదు, త్వరణం సున్నా రావాలి, వచ్చింది. ఒక వైపు బరువు అసలు లేకపోతే? రెండోది స్వేచ్ఛగా పడిపోవాలి, వచ్చింది. ఈ రెండు ప్రశ్నలకు పది సెకన్లు చాలు. తారుమారైన సూత్రం ఈ పది సెకన్లు దాటి రాలేదు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో అయితే ఈ అలవాటుతో ఒక్కోసారి లెక్క చేయకుండానే రెండు ఆప్షన్లను పక్కన పెట్టవచ్చు.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. మన పుస్తకాల్లో ఒక అధ్యాయం కింద ఇరవై లెక్కలుంటే ఇరవైకీ ఒకే సూత్రం పనిచేస్తుంది. మూడో లెక్క నుంచి చేయి దానంతట అదే నడుస్తుంది. పరీక్షలో ఏ ప్రశ్న మీదా ఇది ఫలానా అధ్యాయం నుంచి అని రాసి ఉండదు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం సరిగ్గా దీని మీదే. విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. కొందరికి ఒక్కో రకం లెక్కలన్నీ ఒకచోట ఇచ్చారు, కొందరికి అన్నీ కలిపి ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు ఒకచోట చేసినవారు 89 శాతం సరిగా చేశారు, కలిపి చేసినవారు 60 శాతమే. వారం తరువాత పరీక్ష పెడితే ఒకచోట చేసినవారికి వచ్చింది 20 శాతం. కలిపి చేసినవారికి 63.

అంటే సాధన చేసేటప్పుడు తడబడటం మంచి గుర్తే. ఈ మాట మీకు నమ్మబుద్ధి కాదని తెలుసు. తడబాటు లేకుండా ఇరవై లెక్కలు చేసిన సాయంత్రం కలిగే తృప్తి, పన్నెండు చేసి ఐదు తప్పిన సాయంత్రం కలగదు. అయినా రెండో సాయంత్రాన్నే ఎంచుకోండి. కొత్త అధ్యాయం నేర్చుకున్న మొదటి రెండు రోజులు ఆ లెక్కలే చేయండి. ఆ తరువాత ప్రతి సాధనలోనూ పాత అధ్యాయాల లెక్కలు కనీసం మూడో వంతు కలపండి.

ఇప్పుడు తప్పుల పుస్తకం. ఇవాళ నేను చెప్పిన వాటిలో ఒక్కటే గుర్తు పెట్టుకునే ఓపిక మీకుంటే ఇది గుర్తు పెట్టుకోండి.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి వరుసగా ఐదు మోడల్ పరీక్షల్లో దాదాపు అవే మార్కులు వచ్చాయి. అర్ధరాత్రి దాటేదాకా చదువుతోంది. ఇంకో గంట, ఇంకో గంట పెంచుకుంటూ పోతోంది. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "సార్, నా శక్తి ఇంతేనేమో" అంది. ఆ మాటకు నా గుండె కలుక్కుమంది, ఎందుకంటే ఆ అమ్మాయి అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ ఐదు పరీక్షల్లో తప్పిన ప్రశ్నలన్నీ ముందు వేసుకున్నాం. ఒక్కోటి ఎందుకు తప్పిందో తననే చెప్పమన్నాను. సాయంత్రానికి తేలిందేమిటంటే, నిజంగా పాఠం రాక తప్పినవి నాలుగో వంతు కూడా లేవు. కింది వాటిలో సరికానిది ఏది అని అడిగితే సరైనది గుర్తించి వచ్చింది, ఒకసారి కాదు, చాలాసార్లు. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా సూత్రంలో వేసింది. ఒక కష్టమైన ప్రశ్న దగ్గర తొమ్మిది నిమిషాలు ఇరుక్కుపోయి, చివర్లో వచ్చిన సులువైన ప్రశ్నలను చదవకుండానే గుర్తులు పెట్టింది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ తప్పులకు మరో గంట చదువు మందా? పాఠం రాని తప్పుకు పాఠమే మందు. ప్రశ్న సరిగా చదవని తప్పుకు, కానిది, తప్ప, గరిష్ఠం, కనిష్ఠం వంటి మాటల కింద గీత గీసే అలవాటు మందు. ప్రమాణాల తప్పుకు ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయడం మందు. ఇరుక్కుపోయే తప్పుకు గడియారంతో సాధన మందు. జబ్బు తెలియకుండా ఒకే మందును ఎక్కువ మోతాదులో మింగుతూ పోయింది ఆ పిల్ల. చదివే గంటలు తగ్గించి, నిద్ర పెంచి, ఆ మూడు అలవాట్ల మీదే పనిచేశాం. రెండు నెలల్లో ఆ రకం తప్పులు ఒక్కో పరీక్షలో ఒకటి రెండుకు దిగాయి.

తప్పుల పుస్తకం ఎలా ఉండాలంటారా? ఎడమ పేజీలో ప్రశ్న రాయండి. కుడి పేజీలో, నేను ఏమనుకుని ఇలా చేశాను అన్నది మీ మాటల్లో ఒకటి రెండు వాక్యాలు. సరైన పరిష్కారమంతా ఎత్తి రాయవద్దు, అది రాత పని అవుతుంది. నాకు ఖచ్చితంగా తెలుసు అనుకుని తప్పు చేసిన వాటికి మాత్రం ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టండి. సందేహంతో చేసిన తప్పును మీరే వెతికి సరిచేసుకుంటారు. నమ్మకంతో చేసిన తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ ప్రశ్నించరు. వారానికి ఒకసారి కుడి పేజీ మూసి ఎడమ పేజీ ప్రశ్నలు మళ్లీ చేయండి. వరుసగా మూడుసార్లు సరిగా వచ్చిన ప్రశ్నను కొట్టేయండి. ఆ కొట్టివేతల్లో ఉండే సంతోషం వేరు, మీరే చూస్తారు.

నెగటివ్ మార్కుల గురించి పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. భయపడేవారు తెలిసినవి కూడా వదిలేస్తారు, తెగించేవారు అన్నిటికీ గుర్తులు పెడతారు. దీనికి ధైర్యం, భయం అక్కర్లేదు, లెక్క చాలు. నాలుగు ఆప్షన్లు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత అనుకుందాం. ఏమీ తెలియకుండా గుర్తు పెడితే నాలుగింట ఒకసారి 4 వస్తాయి, మూడుసార్లు ఒక్కోటి పోతాయి. నాలుగు ప్రశ్నలకు మిగిలేది 1, అంటే ప్రశ్నకు పావు మార్కు. అంత చిన్న లాభం మీ అదృష్టాన్ని బట్టి అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని నమ్ముకోలేం. అదే ఒక ఆప్షన్‌ను కారణంతో తొలగించగలిగితే సగటున మూడింట రెండు వంతుల మార్కు. రెండింటిని తొలగిస్తే ఒకటిన్నర. కాబట్టి రెండు తొలగించాక కూడా భయపడి వదిలేసిన ప్రతి ప్రశ్న దగ్గరా మీరు ఒకటిన్నర మార్కు వదులుకుంటున్నట్టే. అదే సరైన జవాబుకు 3, తప్పుకు 1 కోత ఉన్న పరీక్షలో గుడ్డి గుర్తుకు సగటున వచ్చేది సున్నా.

అందుకే మీరు రాయబోయే పరీక్ష నియమాలను ఆ ఏడాది అధికారిక ప్రకటనలోనే చదవండి. అన్నలూ అక్కలూ చెప్పిన నియమం మీ ఏడాదికి మారి ఉండవచ్చు. అమెరికాలో 1926లో మొదలైన శాట్ అనే కళాశాల ప్రవేశ పరీక్షనే తీసుకోండి. తప్పు జవాబుకు పావు మార్కు కోసే పద్ధతి అందులో ఏళ్ల తరబడి ఉండేది, 2016లో తీసేశారు. ఆ తరువాత ఖాళీ వదిలినవారికి నష్టమే తప్ప లాభం లేదు. ఇప్పుడది కంప్యూటర్ మీద జరుగుతోంది, మొదటి భాగంలో మీరు చేసినదాన్ని బట్టి రెండో భాగం ప్రశ్నల స్థాయి మారుతుంది. పాత పద్ధతికి సిద్ధమై వెళ్లినవారు ఎంత కష్టపడినా పాత పరీక్షకే కష్టపడినట్టు.

పాత ప్రశ్నపత్రాలను ముందే ఖర్చు చేసుకోవద్దు. ఇటీవలి రెండు మూడు పత్రాలను తెరవకుండా దాచి, చివరి నెలల్లో పూర్తి పరీక్షలా రాయండి. అసలు పరీక్ష ఏ వేళకు జరుగుతుందో ఆ వేళకే, మధ్యలో లేవకుండా, ఫోను మరో గదిలో పెట్టి రాయండి. మూడు గంటలు రాసిన పరీక్షను విడదీసి చూడటానికి మరో మూడు గంటలు పడుతుంది. అంత సమయం లేదంటే ఆ వారం మోడల్ పరీక్ష మానేయండి. చూసుకోని పరీక్ష రాసినా రాయకపోయినా ఒకటే.

ఇక్కడ చిన్న తరగతుల పిల్లలు కూడా కొందరు కనిపిస్తున్నారు. మీకు ఇప్పుడే ప్రవేశ పరీక్షల పుస్తకాలు వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం, ఒప్పుకోని ఉపాధ్యాయులు ఉంటారని తెలిసే చెబుతున్నాను. భిన్నాలు, బీజగణితం, నిష్పత్తులు, గ్రాఫులు చదవడం తడుముకోకుండా రావాలి. పెద్ద తరగతిలో భౌతికశాస్త్రం రాదని ఏడ్చిన పిల్లల్లో చాలామందికి రానిది బీజగణితమే. ఇంకొకటి, రోజూ ఏదో ఒకటి ఇష్టంగా చదవండి. కథలు, సైన్సు వ్యాసాలు, ఆటల వార్తలు, ఏవైనా. పొడవైన ప్రశ్నను ఒకసారి చదివి పట్టుకోగల శక్తి ఆఖరి ఏడాదిలో కోచింగుతో రాదు.

నిద్ర గురించి చెప్పకుండా ఉండలేను. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడే పనిలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది. నిద్ర కోసి చదవడమంటే కట్టిన గోడకు నీళ్లు పట్టకుండా పై వరుస కట్టడం. పైగా యుక్తవయసులో శరీరమే నిద్రవేళను కొంచెం ఆలస్యం చేస్తుంది, అందుకే తెల్లవారుజామున లేవలేకపోయే పిల్లలను సోమరులనడం న్యాయం కాదు.

తల్లిదండ్రులారా, మీతో ఒక్క మాట. పిల్లలు మోడల్ పరీక్ష రాసి ఇంటికి రాగానే ఎన్ని వచ్చాయని అడగకండి. కష్టమని తెలిసే అంటున్నాను, నేనూ ఒక బిడ్డకు తండ్రినే. ఆ ప్రశ్న వినీ వినీ పిల్లలు తప్పులను దాచడం నేర్చుకుంటారు. ఇంత సేపూ నేను చెప్పిందంతా తప్పులను బయటపెట్టి చూసుకోవడం గురించి. దాచే ఇంట్లో ఆ పని జరగదు. ఈరోజు ఏ తప్పు దొరికింది అని అడిగి చూడండి, వాళ్లు చెబుతారు. పిల్లలు తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఇక నావల్ల కాదు అన్నా, ఆ రోజుకు పుస్తకాలు మూసి వాళ్ల దగ్గర కూర్చోండి. అవసరమైతే వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. ఏ పరీక్షనైనా మళ్లీ రాయవచ్చు, ఏ పరీక్షా లేకుండా కూడా మంచి చదువుకు దారులున్నాయి. పిల్లలూ, ఈ మాట మీకు కూడా. ఒక్కరికైనా చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే ఉపాధ్యాయులకు చెప్పండి, నాకు చెప్పండి.

పరీక్ష గదిలో గుండె దడ వచ్చేవారికి ఒక చిన్న ఉపాయం ఉంది. 2011లో రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసిన విద్యార్థులు, ముఖ్యంగా బాగా కంగారుపడేవారు, మెరుగ్గా రాశారు. భయం మనసులో తిరుగుతూ ఉంటే లెక్కకు కావలసిన చోటును అదే ఆక్రమిస్తుంది. దాన్ని కాగితానికి అప్పగించి లోపలికి వెళ్లండి.

ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగండి. వెనుక వరుసలో చేయి ఎత్తిన అబ్బాయి, లేచి చెప్పు బాబూ.

(విద్యార్థి: సార్, నాకు పరీక్షకు నాలుగు నెలలే ఉంది. సిలబస్ సగం కూడా కాలేదు. ఇప్పుడు కాగితం మీద రాస్తూ కూర్చుంటే మిగతా సగం ఎప్పుడు చదవాలి?)

మంచి ప్రశ్న, చాలామంది మనసులో ఉన్నదే నువ్వు అడిగావు. నీకు సమయం తక్కువ కాబట్టే ఈ పద్ధతి నీకు ఎక్కువ అవసరం. సగం చదివానన్నావు, ఆ సగంలో నీ దగ్గర నిజంగా ఎంత ఉందో ముందు తెలియాలి. ఈ వారం కొత్త పాఠాలు ఆపు. చదివిన ప్రతి అధ్యాయానికీ ఒక్క కాగితం, పది నిమిషాలు. పుస్తకం చూడకుండా రాయి. తరువాత ఆ అధ్యాయం నుంచి పాత ప్రశ్నలు ఐదు చెయ్యి. వారం చివరికి నీ కాగితాలు మూడు దొంతరలవుతాయి. వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. సగం వచ్చిన దొంతరతో మొదలుపెట్టు, తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు వచ్చేది అక్కడే. ఆ తరువాత రోజులో సగం దానికి, సగం కొత్త పాఠాలకు ఇవ్వు. పాత ప్రశ్నపత్రాల్లో ఎక్కువసార్లు కనిపించే అధ్యాయాలను ముందు తీసుకో. చివరి మూడు వారాల్లో కొత్తవి ఏవీ మొదలుపెట్టకు. కొన్ని అధ్యాయాలు మిగిలిపోతాయి, పోనీ. ప్రవేశ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకోనక్కరలేదు కదా, చదివినవి చేజారకుండా ఉంటే నీకు కావలసిన చోటు దగ్గర పడుతుంది.

నీ చేతిలో ఇందాక రాసిన కాగితం ఉంది కదా, అది ఏ పాఠం? విద్యుత్తా? సరే, అది నీ మొదటి కాగితం. పైన తేదీ వేసి దాచుకో, వచ్చే వారం నా దగ్గరకు రెండోది పట్టుకుని రా.